గాబు అడుగున తేలే లెక్క



ఈ కాలేజీ గేటు దగ్గర నుంచి నన్ను లోపలికి తీసుకొచ్చిన అమ్మాయిని "మీ ఇంట్లోవాళ్లు వచ్చినారా అమ్మా?" అని అడిగాను. "నాయన వచ్చినాడు సార్, అమ్మ నీళ్లు పట్టి వస్తుంది" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు. ఎండ కాస్తోందని చెప్పినంత మామూలుగా చెప్పింది. వాళ్ల వీధికి నీళ్లు వదిలే వంతు ఇవాళ వచ్చింది. ఇవాళ పట్టుకోకపోతే మళ్లీ వంతు వచ్చేదాకా గాబు ఖాళీ. కూతురు పట్టా పుచ్చుకునే రోజైనా సరే, ఆ తల్లి కొళాయి దగ్గరే నిలబడాలి.

మీకోసం రాసుకొచ్చిన ప్రసంగం జేబులో ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. ఆ తల్లి ఇక్కడికి ఎందుకు ఆలస్యంగా వస్తున్నదో మీకు చెబుతాను. ముప్పై మూడేళ్లు మున్సిపాలిటీల్లో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. నాకు బాగా తెలిసిన విషయం అదొక్కటే.

మాది ఎమ్మిగనూరు. మగ్గం గుంట పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. చదువుకు ఆదోని బస్సెక్కేవాణ్ణి. మా ఊరికి నేత పేరు, మీ ఆదోనికి పత్తి పేరు. రెండు ఊర్లకూ నీటి ఆధారం ఒక్కటే, తుంగభద్ర. హోస్పేట దగ్గర డ్యాం నుంచి దిగువ కాలువ బయల్దేరి, కర్ణాటకలో చాలా దూరం పారి, మిగిలిన నీళ్లతో మన దగ్గరికి వస్తుంది. కాలువ పారినన్నాళ్లు బసాపురం ఎస్ఎస్ ట్యాంకు, అంటే వేసవి నిల్వ ట్యాంకు, నింపుకోవాలి. కాలువ ఆగాక ఆదోని దాన్నే తాగాలి. ట్యాంకులో పూడిక ఎంత పేరుకుంటే వేసవిలో మీ వంతు అంత దూరం జరుగుతుంది. కట్టకు గండి పడితే, మోటారు కాలిపోతే, పైపు పగిలితే కూడా అంతే. ఈ పనులన్నింటికీ ఏటా కొంత డబ్బు కావాలి. ఆ డబ్బు ఆగిపోతే మరుసటి రోజే ఏమీ కాదు. రెండో ఏడు, మూడో ఏడు, ఏ ఏప్రిల్ నెలలోనో అది మీ గాబు అడుగున తేలుతుంది.

నా ఉద్యోగం నాకు నేర్పినది ఇదే. రాష్ట్ర ఖజానాలో జరిగిన కోత ఊర్లోకి కోత అనే పేరుతో రాదు. రోజుల రూపంలో వస్తుంది. రెండు రోజులకొకసారి వచ్చే నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తాయి. ఒకటో తారీఖున పడాల్సిన జీతం మూడో నెలలో పడుతుంది. రోజూ వచ్చే చెత్త బండి వారానికి రెండుసార్లు వస్తుంది. ఆ రోజుల భారం ఎవరో ఒకరు మోయాలి. మోసేవాళ్ల పేరు మాత్రం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఉండదు.

ఇది ఇప్పటి సంగతి అనుకోకండి. ఆదోని మున్సిపాలిటీ 1865లో ఏర్పడింది. అప్పుడు మనం బళ్లారి జిల్లాలో ఉన్నాం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గానీ ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోకి రాలేదు. 1857 తిరుగుబాటును అణచడానికి పెట్టిన ఖర్చుతో బ్రిటిష్ ఖజానా అప్పుల్లో పడింది. ఊర్ల ఖర్చు ఊర్లే పెట్టుకోవాలన్న ఆలోచన ఆ తర్వాతే బలపడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1865లో వచ్చిన పట్టణాభివృద్ధి చట్టం, ఊరి మీద వేసిన పన్నుల్లోంచి పోలీసు ఖర్చులో కూడా పెద్ద భాగం కట్టమంది. వీధులు ఊడ్చడానికని వేసిన పన్ను ఠాణాకు పోయేది. 1870లో వైస్రాయి మేయో కొన్ని శాఖలను ప్రెసిడెన్సీలకు అప్పగించి, వాటికిచ్చే సొమ్ముకు హద్దు గీశాడు. ప్రెసిడెన్సీలు తమ లోటును కింది పన్నులతో పూడ్చుకున్నాయి. అంటే మన మున్సిపాలిటీ పుట్టుకలోనే ఈ పద్ధతి ఉంది. బాధ్యత కిందికి దిగుతుంది, దాని వెంట రావాల్సిన డబ్బు దారిలో తగ్గుతుంది.

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా ఈ నేల చూసిన కరువు గురించి మా అవ్వ చెప్పేది, వాళ్ల అవ్వ చెప్పగా విన్నానని. బళ్లారి జిల్లా ఆ కరువులో బాగా దెబ్బతింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు ప్రాంతాల పర్యటనకు వచ్చాడు. ఖర్చు తగ్గించడం ఆయనకు అప్పగించిన పని. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగవాడి రోజుకూలీని ఒక పౌను ధాన్యానికి, పైన కొద్దిపాటి చిల్లరకు తగ్గించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు, అంత తిండితో ఎండలో పనిచేసే మనిషి బతకడని లెక్క కట్టి చూపించాడు, కనీసం పౌనున్నర కావాలని వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం దిగివచ్చి కూలీ పెంచింది. ఆలోపు పోయినవాళ్లు పోయారు. మీలో చరిత్ర చదివినవాళ్లు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులే, ఇద్దరి చేతిలోనూ అంకెలే ఉన్నాయి. ఒకాయన ఖజానా నుంచి లెక్క మొదలుపెట్టాడు, ఇంకొకాయన మనిషి కడుపు నుంచి మొదలుపెట్టాడు.

ఇక మన కాలానికి వస్తాను. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నీళ్లు, పారిశుద్ధ్యం, రోడ్లు, వీధి దీపాలు, శ్మశానాలతో కలిపి 18 పనులను పన్నెండో షెడ్యూలులో పెట్టి, ఇవి పట్టణ పాలకవర్గాలకు అప్పగించదగ్గవి అంది. ఐదేళ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి, రాష్ట్ర ఆదాయంలో ఊర్ల వాటా తేల్చాలంది. ఆ సంఘాలు సమయానికి రావు, వచ్చినా వాటి సిఫారసులు పూర్తిగా అమలు కావు. ఏ పార్టీ పాలించినా నేను చూసింది ఇదే. మున్సిపాలిటీ చేతికి నిజంగా వచ్చేది ఇంటి పన్ను, నీటి పన్ను, ట్రేడ్ లైసెన్సు, షాపుల అద్దె, రిజిస్ట్రేషన్ల మీద సర్‌ఛార్జీలో వాటా. సినిమా హాళ్ల వినోదపు పన్నులో కూడా వాటా వచ్చేది. 2017 జూలైలో ఆ పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. చిన్న ఊర్లకు అది చిన్న నష్టం కాదు.

మిగిలిన ఆధారం ఢిల్లీ నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 26 దాకా పట్టణాలకు లక్షా 21 వేల కోట్లు కేటాయించింది. మన లాంటి ఊర్ల వాటాలో 60 శాతం నీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టడి పెట్టింది. నేను దాన్ని మంచి కట్టడి అంటాను. కానీ ఆ డబ్బుకు చాలా షరతులు పెట్టింది. ఆడిట్ లెక్కలు జనం చూసేలా ఆన్‌లైన్లో పెట్టాలి, ఇంటి పన్ను పెరగాలి, రాష్ట్రం తన ఆర్థిక సంఘాన్ని వేయాలి. రాష్ట్రం తప్పితే శిక్ష ఊరికి పడుతుంది. 2019 జూలై నుంచి 2021 మార్చి ఎన్నికల దాకా మన రాష్ట్రంలో మున్సిపల్ పాలకవర్గాలే లేవు. ఎన్నికైన పాలకవర్గం ఉన్న ఊరికే ఆర్థిక సంఘం నిధులని పై నిబంధన. ఎన్నికలు పెట్టడం ఊరి చేతిలో పని కాదు, నష్టం మాత్రం ఊరిదే.

ఇంటి పన్ను సంగతి కొంచెం నిలబడి చెప్పాలి. 2020లో కరోనాతో రాష్ట్రాల ఆదాయం పడిపోయింది. మన ప్రభుత్వం ఆ మార్చి జీతాల్లో సగం వాయిదా వేసింది. ఆ సమయంలో కేంద్రం, సంస్కరణలు చేస్తే అదనపు అప్పుకు అనుమతిస్తానంది. ఆ సంస్కరణల్లో ఇంటి పన్ను ఒకటి. అద్దె విలువ మీద వేసే పన్నును మార్చి, ఆస్తి విలువ మీద వేసేలా మన రాష్ట్రం 2020లో చట్టం తెచ్చింది. మరుసటి ఏడు నుంచి అది అమలైంది. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. పన్ను పెంచడం తప్పని నేను అనను. పన్ను లేకుండా ఊరు నడవదు. నా అభ్యంతరం ఒక్కటే. రాష్ట్రానికి అప్పు పుట్టడం కోసం మీ వీధిలో డిమాండు నోటీసు మారింది, ఆ సంగతి మీ వీధికి ఎవరూ చెప్పలేదు. చెత్త పన్ను కూడా అంతే. 2021 అక్టోబర్ 2న చెత్త సేకరణకు క్లాప్ పథకం పెట్టి, ఇంటింటికీ నెలనెలా రుసుము వేశారు. జనం తిట్టుకున్నారు. 2024 అక్టోబర్ 2న కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. జనం సంతోషించారు. బండి డీజిలు, డ్రైవరు జీతం, డంపింగ్ యార్డు ఖర్చు మాత్రం రద్దు కాలేదు. అవి ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగినవాళ్లు నాకు కనపడలేదు. మీరు అడగాలి.

మా ఊరి గురించి ఒక మాట. 2015లో కేంద్రం అమృత్ పథకం తెచ్చింది. లక్ష జనాభా దాటిన పట్టణాలకు నీళ్లు, మురుగునీటి పారుదల దాని లక్ష్యం. 2011 జనాభా లెక్కల్లో ఆదోని లక్షా 66 వేలు, అందుకని జాబితాలోకి ఎక్కింది. ఎమ్మిగనూరు 95,149. ఐదు వేల మంది లోపు తక్కువయ్యారు, ఊరు గీతకు అవతల పడింది. ఆ లెక్క తీసిన ఏడు మా పడమటి పల్లెల నుంచి, మా వాడల నుంచి ఎంతమంది సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోయి ఉన్నారో నాకు తెలియదు. ఎక్కడున్నా వాళ్లకు దాహం వేస్తుందని మాత్రం తెలుసు. లక్ష లోపు ఊర్ల కోసం తర్వాత రాష్ట్రం ఆసియా మౌలిక వసతుల బ్యాంకు దగ్గర అప్పు తీసుకుని ఇంకో పథకం పెట్టింది. అలాంటి అప్పు పనుల్లో బ్యాంకు వాటా ఉంటుంది, రాష్ట్రం వాటా ఉంటుంది. రాష్ట్రం తన వాటా ఇవ్వడం ఆలస్యమైతే కాంట్రాక్టరు పని ఆపుతాడు. తవ్విన గుంత అలాగే ఉంటుంది.

ఎమ్మిగనూరు నేతగాళ్లకు ప్రభుత్వ బకాయి అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప గారు అక్కడ నేత సహకార సంఘం నిలబెట్టారు. అలాంటి సంఘాలు నేసిన గుడ్డను రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో కొంటుంది. డబ్బు ఆలస్యమైతే నూలు రాదు, నూలు రాకపోతే మగ్గం ఆగుతుంది. మా నాయన చేతిలో నేసే శక్తి ఉండి కూడా మగ్గం ముందు ఖాళీగా కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. బడ్జెట్ అంటే ఏమిటో నాకు మొదట తెలిసింది ఆఫీసులో కాదు, ఆ గుంట అంచున.

ఇప్పుడు నేను చేసిన ఒక పని చెప్పాలి. ఊరు పేరు చెప్పను. ఒక చిన్న మున్సిపాలిటీలో లెక్కలు చూస్తున్నాను. మార్చి నెల, ఖాతాలో డబ్బు తక్కువ. కరెంటు బిల్లు కట్టకపోతే పంపుహౌసుకు సరఫరా తీసేస్తామన్నారు. పారిశుద్ధ్య కార్మికులకు రెండు నెలల జీతం బాకీ. పటిక, బ్లీచింగు పౌడరు సరఫరా చేసేవాడి బిల్లులు మూడు ఆగి ఉన్నాయి, ఇక సరుకు ఇవ్వనన్నాడు. ముందు ఏది కట్టాలో ఫైలు మీద నేనే నోటు రాశాను. కరెంటు మొదట, జీతం ఒక నెలది, పటిక వచ్చే నెలకు. పై అధికారి సంతకం పెట్టారు. వారం తిరగకముందే కొళాయిల్లో ఎర్రనీళ్లు వచ్చాయి. వాంతులు, విరేచనాలతో పిల్లలు ఆస్పత్రిలో చేరారు. దేవుడి దయ, ఎవరూ పోలేదు. నా నోటు నిబంధనల ప్రకారం తప్పు కాదు, ఎవరూ నన్ను అడగలేదు. నేను ఆ ఆస్పత్రి వార్డుకు వెళ్లి మంచాల మధ్య నిలబడ్డాను. ఆ రోజు నుంచి ఏ కాగితం మీద 'వచ్చే నెలకు' అని రాయాల్సి వచ్చినా ఆ మంచాలు కనపడేవి. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారని పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊరుంది. జనాభా దాదాపు మా ఎమ్మిగనూరంత. కార్ల ఫ్యాక్టరీలు మూతపడి ఆదాయం పోయింది, రాష్ట్రం ఊర్లకిచ్చే వాటాను ఏళ్ల తరబడి కోస్తూ వచ్చింది. ఊరు దివాలా అంచుకు చేరాక, రాష్ట్రమే ఒక అధికారిని పెట్టి ఎన్నికైన కౌన్సిల్ అధికారాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్లో డెట్రాయిట్ నీళ్లు ఆపి ఫ్లింట్ నది నీళ్లు వదిలారు. పైపులు తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగి పిల్లల రక్తంలోకి చేరింది. 2015 అక్టోబర్లో మళ్లీ డెట్రాయిట్ నీళ్లకు మారారు. మిగిల్చాలనుకున్న సొమ్ముకు ఎన్నో రెట్లు పైపులు మార్చడానికి, నష్టపరిహారాలకు అయింది. పిల్లల మెదడుకు జరిగిన హాని అలాగే ఉండిపోయింది. అంత ధనిక దేశంలో కూడా కోత కొళాయిలోనే తేలింది.

నీళ్ల మాటతో పాటు మురుగు కాలవలో దిగే మనుషుల మాట చెప్పకపోతే నేను తిన్న అన్నానికి ద్రోహం చేసినట్టు. మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు 2022 జూలైలో రాష్ట్రమంతా సమ్మె చేశారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ దిగి, కొత్త ఏడాది వచ్చాక గానీ విరమించలేదు. వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. ముక్కు మూసుకుని నడిచిన జనం, ఆ గుట్టల్లో తెల్లారుజామున చేతులు పెట్టేవాళ్లు ఎందుకు ఆగారని అడగలేదు. ఖాళీ అయిన పోస్టులో పర్మినెంటు మనిషిని పెట్టరు. ఔట్‌సోర్సింగు మనిషిని తెస్తారు. ఊరు పెరుగుతుంది, వీధులు పెరుగుతాయి, చీపుర్ల సంఖ్య పెరగదు. బడ్జెట్లో ఇది 'సిబ్బంది వ్యయంలో ఆదా' అని కనపడుతుంది. ఆ ఆదా ఒక ఆడమనిషి నడుములో నొప్పిగా నిలబడి ఉంటుంది. ఆమె కూతురో కొడుకో ఈ వరసల్లో కూర్చుని ఉండొచ్చు. ఉంటే, మీ అమ్మకు నా తరఫున దండం పెట్టండి.

మీ ఊరి వైద్య కళాశాల సంగతి కూడా మీ మనసులో ఉందని తెలుసు. 2021 మే 31న శంకుస్థాపన జరిగిన కళాశాలల్లో ఆదోని ఒకటి. 2025 సెప్టెంబర్లో, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) పద్ధతిలోకి మార్చే పదింటిలో మొదటి విడత నాలుగింటిలో ఆదోని పేరు వచ్చింది. డబ్బు లేదని ప్రభుత్వం అంది. ఖజానా కష్టం అబద్ధమని నేను అనను. పడమటి పల్లెల నుంచి, కోసిగి, కౌతాళం, హొళగుంద నుంచి వచ్చే రోగి దగ్గర కూడా డబ్బు లేదు. ఆ రెండు లేమిల్లో ఏది ముందు చూడాలో నోటు రాయాల్సింది ప్రభుత్వమే. నేనైతే ఏమి రాస్తానో మీకు తెలుసు.

మరి ఏం చెయ్యాలి? తుంగభద్ర డ్యాం గేటు సంగతి గుర్తు చేసుకోండి. 1953లో నీళ్లు నిలిపిన డ్యాం అది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మన రెండు ఊర్లు తాగే నీళ్లు కళ్ల ముందే నదిలో పోయాయి. రిటైరైన ఇంజనీరు కన్నయ్యనాయుడు గారు వయసు లెక్క చేయకుండా వచ్చి, పారే నీళ్లలోనే తాత్కాలిక గేటు దించే పని నడిపించారు. వారంలో ప్రవాహం అదుపులోకి వచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టింది, కొట్టాల్సిందే. గొలుసును ఏడాదికేడాది చూసి, గ్రీజు పెట్టి, అరిగిన కడెం మార్చే మనిషికి చప్పట్లు ఉండవు. పూడిక తీసిన పనికి శిలాఫలకం వేయరు. అందుకే డబ్బు తగ్గితే మొదట కత్తి పడేది మరమ్మతు పద్దు మీద. ఆ పద్దును కాపాడేవాళ్లు ఊరికి కావాలి.

మీలో కొందరు వార్డు సచివాలయాల్లో చేరతారు, కొందరు గ్రూపు పరీక్షలు రాస్తారు, కొందరు బెంగళూరు, హైదరాబాదు రైలెక్కుతారు. ఎక్కడికైనా వెళ్లండి. బీకాం చదివినవాళ్లకు బ్యాలెన్స్ షీటు చదవడం వచ్చు, బీఎస్సీ వాళ్లకు నీటిలో క్లోరిన్ ఎంత ఉందో చూడడం వచ్చు, బీఏ వాళ్లకు చట్టం చదవడం వచ్చు. మున్సిపల్ బడ్జెట్ రహస్య పత్రం కాదు. కౌన్సిల్ ముందుకు వస్తుంది, అడిగితే ఇవ్వాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల దరఖాస్తు చాలు. అంచనా ఎంత, సవరించిన అంచనా ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత, ఈ మూడు వరసలు పక్కపక్కన ఉంటాయి. మొదటి వరసకూ మూడో వరసకూ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. నీటి సరఫరా, పారిశుద్ధ్యం పద్దుల్లో ఆ తేడా కనపడినప్పుడు, ఆ నెలల్లో మీ వీధికి ఎన్ని రోజులకొకసారి నీళ్లొచ్చాయో మీ అమ్మను అడిగి పక్కన రాయండి. ఆమెకు తారీఖులతో సహా గుర్తుంటాయి. ఆ రెండు లెక్కలనూ ఒకే కాగితం మీద ఈ ఊర్లో ఎవరైనా రాయగా నేను చూడలేదు. రాసి, ఆ కాగితం పట్టుకుని మీ వార్డు కౌన్సిలరు దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి.

మొదటిసారి ఆ పుస్తకం తిరగేస్తే తలనొప్పి వస్తుంది. పద్దుల పేర్లు అర్థం కావు, ఒకే ఖర్చు మూడు చోట్ల ఉంటుంది, కొన్ని సంగతులు అడ్వాన్సుల కింద దాక్కుని ఉంటాయి. ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. ప్రిన్సిపాల్ గారి దగ్గర నా ఫోన్ నంబరు ఉంది. ఏ ఆదివారమైనా ఐదుగురు కూడి కబురు పెట్టండి, ఎమ్మిగనూరులో పొద్దున బస్సెక్కి వస్తాను. మీ వీధికి నీళ్లొచ్చే రోజు కాకుండా చూసుకోండి, మీ అమ్మలు కూడా రావాలి.